లీగ్ లేని జిల్లాలో డిఫెండరు ఎలా తయారవుతాడు?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో అంతర పాఠశాలల ఫుట్‌బాల్ ఫైనల్ వార్త చదివాను. ఒక జట్టు 1–0 తేడాతో గెలిచిందనీ, ఆ ఒక్క గోలు కొట్టిన విద్యార్థికి ముఖ్య అతిథి చేతుల మీదుగా ఉత్తమ క్రీడాకారుడి బహుమతి అందిందనీ రాశారు. అతని ఫొటో కూడా వేశారు. ఆ మ్యాచ్‌ను నేను మైదానం గట్టు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఆ బహుమతికి ఆ పిల్లవాడు అన్ని విధాలా అర్హుడు. అయితే అదే జట్టు పదహారు జట్ల పోటీలో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఆడి, ఒక్క గోలు కూడా ఇవ్వకుండా కప్పు గెలిచింది. ఆ నాలుగు మ్యాచ్‌లలోనూ వెనుక వరుసలో డిఫెండర్లుగా ఆడి గోళ్లు ఆపిన నలుగురు పిల్లల పేర్లు వార్తలో లేవు, బహుమతుల జాబితాలో లేవు. సాయంత్రం ప్రకటించిన జిల్లా జట్టులో ఆ నలుగురిలో ఒక్కడికే చోటు దొరికింది. నేను ఈ ఉత్తరం రాయడానికి ఈ చివరి సంగతే కారణం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా నాన్నగారు బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా ఉండేవారు. స్టీము ఇంజన్లు నడిచిన ఆ రోజుల్లో రైల్వే కాలనీలోని ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల పిల్లలూ, మా బోటి కార్మికుల పిల్లలూ సాయంత్రమైతే ఒకే మైదానంలో ఆడేవాళ్లం. బూట్లున్నవాళ్లు ముందు, లేనివాళ్లు వెనుక అన్నది అక్కడ ఎవరూ రాసిపెట్టని నియమం. నేను వెనుకే ఆడాను. తరువాత కళాశాల జట్టులోనూ స్టాపర్‌గానే, అంటే గోలు ముందు నడుమ నిలిచే డిఫెండరుగానే ఆడాను, ఉద్యోగంలో చేరాక పిల్లలకు అదే స్థానాన్ని ఎక్కువ శ్రద్ధగా నేర్పాను. నా మాటల్లో ఆ స్థానం మీద అభిమానం కనిపిస్తే దాన్ని దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

మన పాఠశాలల్లో బ్యాక్‌లను, అంటే డిఫెండర్లను, ఎలా ఎంపిక చేస్తామో ముందు చెప్పాలి. చురుకైనవాడు ముందుండి గోళ్లు కొట్టే ఫార్వర్డ్, తెలివైనవాడు మధ్య వరుసలో హాఫ్, పొడుగ్గా ఉన్నవాడు గోలీ. పరుగు తక్కువైనవాడు, కొంచెం లావుగా ఉన్నవాడు, అందరూ అయ్యాక మిగిలినవాడు బ్యాక్. నేనూ మొదటి కొన్నేళ్లు ఇలాగే చేశాను. ఆ పిల్లవాడికి అది శిక్షలా తోచేది. ఇంటికి వెళ్లి ‘మా సారు నన్ను వెనక్కి నెట్టేశాడు’ అని చెప్పుకునేవాడు. మరుసటి సంవత్సరం అతను వాలీబాల్‌కో కబడ్డీకో వెళ్లిపోయేవాడు, లేదా అసలు గ్రౌండుకే రావడం మానేసేవాడు. ఆటను బాగా చదవగలిగిన పిల్లలను కూడా ఈ విధంగా పోగొట్టుకున్నామని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

బ్యాక్ ఆట చూసేవారికి కనపడేది చివరి క్షణమే. బంతిని కాలితో అడ్డుకోవడం, తలతో బయటికి కొట్టడం, గోలు గీత మీద నుంచి తీసేయడం లాంటివాటికి చప్పట్లు వస్తాయి. అయితే ఆ క్షణం దాకా రానివ్వకపోవడమే అతని అసలు పని. ఎదుటి ఫార్వర్డ్‌కు బంతి అందకముందే రెండడుగులు లోపలికి జరగడం, అతన్ని తన బలమైన కాలి వైపు తిరగనివ్వకుండా గీత వైపు తోలడం, పక్కన అంచులో ఆడే ఫుల్ బ్యాక్ ముందుకు వెళ్లినప్పుడు అతని ఖాళీని మాట చెప్పకుండానే కప్పడం, ఎదుటి ఫార్వర్డ్ గోలుకు మరీ దగ్గరగా నిలిచి తప్పులో పడేలా ఆఫ్‌సైడ్ గీతను నలుగురూ కలిసి ఒక్క అడుగు ముందుకు జరపడం వంటివి ఏ లెక్కలోకీ రావు. ‘వాడి కాళ్లు చూడకురా, బంతిని చూడు’ అని నేను పిల్లలకు వందల సార్లు చెప్పి ఉంటాను. ఈ ఒక్క మాట ఒంటబట్టడానికి ఒక పిల్లవాడికి రెండేళ్లు పట్టడం నేను చూశాను.

మన నేలకు సంబంధించిన ఒక విషయం కూడా ఇక్కడ చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో మైదానాలు ఎండాకాలంలో ఇటుకలా గట్టిపడతాయి. పచ్చిక మీద ఆడే పిల్లలు జారుతూ బంతిని తీసినట్లు మన పిల్లలు తీయబోతే మోకాలి చర్మం అక్కడే మిగులుతుంది. అందువల్ల మన పిల్లలు పడకుండా, నిలబడి, ఓపికగా ఎదురుచూసి బంతిని తీసుకోవడం నేర్చుకుంటారు. కింద పడిన డిఫెండరు లేచేలోపు ఎదుటివాడు దాటిపోతాడు కాబట్టి ఈనాటి పెద్ద క్లబ్బుల్లో కోరుకునే గుణం కూడా ఇదే. లోపమని మనం అనుకునే ఈ గట్టి నేల మన పిల్లలకు ఒక మంచి అలవాటునే ఇస్తోందని నా అనుభవం.

ఇక వృత్తి విషయానికి వస్తాను. ఫుట్‌బాల్‌లో డిఫెండరు ఆలస్యంగా పండుతాడు. ఫార్వర్డ్‌కు పద్దెనిమిదేళ్లకే పేరు రావచ్చు, ఎందుకంటే వేగం, సాహసం ఆ వయసులోనే ఉంటాయి. స్టాపర్‌కు కావలసింది జరగబోయేదాన్ని ముందుగా పసిగట్టడం, అది ఆడిన మ్యాచ్‌ల సంఖ్యతోనే వస్తుంది. ఇటలీకి చెందిన పావోలో మల్దీనీ 1985 నుంచి 2009 వరకు ఒకే ఒక్క క్లబ్బు ఏసీ మిలాన్‌కు 902 మ్యాచ్‌లు ఆడి, నలభై ఒకటో ఏడు నిండబోతుండగా ఆట విరమించాడు. పోర్చుగల్ డిఫెండరు పెపే 2024 యూరో పోటీల్లో 41 ఏళ్ల వయసులో ఆడాడు. అంత దూరం వెళ్లనక్కరలేదు. కేరళలోని మలప్పురం జిల్లా కొండోట్టికి చెందిన అనస్ ఎడతొడిక చిన్న వయసులో ఇంటి కోసం ఆటో నడిపి, ముంబయి, పుణె క్లబ్బుల్లో ఏళ్ల తరబడి ఆడి, 2017లో భారత జట్టు తరఫున మొదటి మ్యాచ్ ఆడేనాటికి అతనికి ముప్పై ఏళ్లు. చండీగఢ్‌కు చెందిన సందేశ్ ఝింగన్ సిక్కిం క్లబ్బులో జాతీయ లీగ్ ఐ–లీగ్ రెండో డివిజన్ మ్యాచ్‌లతో మొదలుపెట్టి, 2014లో కేరళ బ్లాస్టర్స్ క్లబ్బులో చేరిన తరువాతే దేశానికి తెలిశాడు.

ప్రపంచంలోనే డిఫెండర్లకు దక్కే గుర్తింపు ఎంత తక్కువో ఒక్క లెక్క చెబుతుంది. ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే, 1956లో మొదలైన బాలన్ డి ఓర్ బహుమతిని గెలుచుకున్న డిఫెండర్లు ముగ్గురే: 1972, 1976లలో బెకెన్‌బాయర్, 1996లో సామర్, 2006లో కన్నవారో. మన దేశంలో ఇంకొక విచిత్రం జరిగింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచిన సంగతి అందరికీ తెలుసు. ఆ జట్టు స్టాపర్ జర్నైల్ సింగ్‌కు పోటీల మధ్యలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కోచ్, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, అతన్ని సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్‌లో దక్షిణ కొరియాపై మనం 2–1తో గెలిచాం, ఆ రెండు గోళ్లలో ఒకటి జర్నైల్‌దే. ఇవాళ జర్నైల్ పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేది ఆ గోలే. ఆయన జీవితమంతా చేసిన పని గోళ్లు ఆపడం. ఆయన్ను జ్ఞాపకం ఉంచుకోవడానికి కూడా మనకు ఒక గోలు కావలసి వచ్చింది.

తెలుగువారి నేల మీద డిఫెండర్లకు ఎప్పుడూ కొదవ లేదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు అఖిల భారత పోటీ రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, 1965–66లో రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్ జట్టు మన పెద్దలకు ఇప్పటికీ గుర్తే. హైదరాబాదులో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ కలకత్తా వెళ్లి పెద్ద క్లబ్బుల్లో డిఫెండరుగా నిలిచి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు నాయకత్వం వహించి కాంస్యం తెచ్చారు. కోస్తా జిల్లాల నుంచి అటువంటివాళ్లు ఎందుకు రాలేదు అన్నది నన్ను జీవితమంతా వెంటాడిన ప్రశ్న. మన పిల్లల్లో సత్తా లేక కాదని నాకు తెలుసు. హైదరాబాదులో వాళ్లకు ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఆడే లీగ్ ఉండేది, కలకత్తాలో అంతకు మించిన లీగ్ ఉండేది. మనకు ఒక్కసారి ఓడితే ఇంటికి పోవలసిన నాకౌట్ టోర్నమెంట్లు మాత్రమే ఉన్నాయి.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. పదహారు జట్లతో నాకౌట్ టోర్నమెంటు పెడితే మొత్తం పదిహేను మ్యాచ్‌లు జరుగుతాయి. అందులో ఎనిమిది జట్లు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతాయి. మన పాఠశాల క్రీడల పోటీలు రెండు మూడు రోజుల్లో, ఒక్కొక్కసారి రోజుకు రెండు మ్యాచ్‌లు పెట్టి, సమయం తగ్గించి ముగిస్తారు. ఎంపిక చేసేవాళ్లు ఆ హడావిడిలో చూడగలిగేది గోళ్లను మాత్రమే. ఓడిన జట్టులో కూడా గోలు కొట్టినవాడి పేరు కాగితం మీద పడుతుంది. ఓడిన జట్టులో బాగా ఆడిన స్టాపర్ పేరు ఎవరి కాగితం మీదా పడదు, పైగా మూడు గోళ్లు ఇచ్చిన జట్టు బ్యాక్ కాబట్టి అతను పనికిరానివాడని తేల్చేస్తారు. ఆ మూడు గోళ్లూ అతని పక్క నుంచి రాలేదని చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు. నేను కూడా ఎంపిక సంఘాల్లో కూర్చున్నాను, ఆ తప్పులో నా చేయీ ఉంది. సాయంత్రం ఐదు గంటలకు పద్దెనిమిది పేర్లు ఇవ్వాలంటే, చూసిన ఒకే ఒక్క మ్యాచ్‌తో ఒక బ్యాక్ గురించి తీర్పు చెప్పడం సాధ్యం కాదు.

లీగ్ ఉంటే ఈ లెక్క మారుతుంది. ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి రెండుసార్లు ఆడితే మొత్తం 56 మ్యాచ్‌లు, ప్రతి జట్టుకూ 14. పద్నాలుగు మ్యాచ్‌లలో ఒక డిఫెండరు మంచి ఫార్వర్డ్‌నూ చూస్తాడు, మొరటు ఫార్వర్డ్‌నూ చూస్తాడు, గెలుస్తున్నప్పుడూ ఓడుతున్నప్పుడూ ఎలా నిలబడాలో నేర్చుకుంటాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక వారం తప్పు చేసి మరుసటి వారం దాన్ని దిద్దుకునే అవకాశం అతనికి దొరుకుతుంది. నాకౌట్‌లో తప్పు చేసిన బ్యాక్‌కు మరుసటి వారం ఉండదు, వచ్చే సంవత్సరమే ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడికి ఒక సంవత్సరం ఎంత పెద్దదో పిల్లలను పెంచిన ప్రతివారికీ తెలుసు.

దీనికి నా కళ్ల ముందు జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను. బోగోలు మండలం తీరంలోని ఒక పట్టపుపాలెం నుంచి వచ్చిన విద్యార్థి మా జట్టుకు మూడేళ్లు స్టాపర్‌గా ఆడాడు. వలలు లాగిన చేతులు, ఇసుకలో పరుగెత్తిన కాళ్లు. అతను బంతి కోసం ఎన్నడూ తొందరపడలేదు. మూడుసార్లు జిల్లా ఎంపికలకు తీసుకువెళ్లాను, మూడుసార్లూ అతని పేరు రాలేదు. ఇంటర్ అయ్యాక పని వెతుక్కుంటూ చెన్నై వెళ్లాడు. అక్కడ దశాబ్దాలుగా డివిజన్ల వారీగా నడుస్తున్న లీగ్‌లో కింది డివిజన్ జట్టుకు సాయంత్రాలు ఆడటం మొదలుపెట్టాడు. ఇక్కడ మూడేళ్లలో ఎవరికీ కనిపించని పిల్లవాడిని అక్కడ ఒక కోచ్ వరుసగా ఆరు మ్యాచ్‌లు చూసి పై డివిజన్‌కు తీసుకున్నాడు. ఇరవై మూడో ఏట ఒక క్లబ్బుతో రెండేళ్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆ రోజు రాత్రి ఫోన్ చేసి, ‘సార్, నేను ఇప్పుడు డబ్బులు తీసుకుని ఆడతాను’ అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రెండో ఏడాది మధ్యలో అతని మోకాలి లిగమెంటు తెగింది. ఎవరూ తగలలేదు, ఎదుటివాడిని వెంబడిస్తూ ఒక్కసారిగా తిరగబోతే పాదం నేలలో నిలిచిపోయి మోకాలు మెలిక పడింది. ఏసీఎల్ అని మనందరికీ వార్తల్లో పరిచయమైన గాయమే అది. శస్త్రచికిత్స తరువాత మళ్లీ ఆడటానికి తొమ్మిది నెలల నుంచి సంవత్సరం పడుతుంది. అతను ఇంకా కర్ర పట్టుకుని నడుస్తుండగానే ఒప్పందం గడువు ముగిసింది, క్లబ్బు దాన్ని పొడిగించలేదు. ఆ నిర్ణయంలో నియమ విరుద్ధమేమీ లేదు. 2019లో ఝింగన్ మోకాలికి కూడా ఇటువంటి దెబ్బే తగిలి ఏడాది పాటు ఆటకు దూరమయ్యాడు, తరువాత తిరిగివచ్చి 2021లో దేశపు ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. మా వాడికి మాత్రం ఆ ఏడాది పాటు వైద్యం, వ్యాయామం, తిండి చూసుకునే క్లబ్బు లేదు. ఇప్పుడు అతను పాలెంలోనే ఉండి పడవ మీద వెళుతున్నాడు, సాయంత్రాలు చిన్నపిల్లలకు ఆట నేర్పుతున్నాడు.

అతని కథ చెప్పి ఎవరినీ భయపెట్టాలని నా ఉద్దేశం కాదు. అయినా వృత్తి ఆటగాడిగా పిల్లవాణ్ణి పంపాలనుకునే తల్లిదండ్రులు కొన్ని సంగతులు తెలుసుకుని పంపాలి. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నియమాల ప్రకారం వృత్తి ఒప్పందం గరిష్ఠంగా ఐదేళ్లు, పద్దెనిమిదేళ్లు నిండనివారికి మూడేళ్లు. రెండు నెలల జీతం చెల్లించకపోతే, రాతపూర్వకంగా పదిహేను రోజుల గడువు ఇచ్చి ఆటగాడు ఒప్పందం నుంచి బయటపడవచ్చు. సంతకం చేసే ముందు చూడవలసింది జీతం అంకెను మాత్రమే కాదు, గాయమైతే వైద్య ఖర్చు ఎవరిది, బీమా ఉందా, గాయంలో ఉండగా గడువు ముగిస్తే ఏం జరుగుతుంది అన్న వాక్యాలను. ఇవి మా వాడి ఒప్పందంలో నేను చదవలేదు, చదవాలని నాకు తట్టలేదు. ఆటగాళ్ల తరఫున మాట్లాడటానికి 2006 నుంచి భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం ఉందన్న సంగతి కూడా మన జిల్లాలో చాలామంది వ్యాయామ ఉపాధ్యాయులకు (పీఈటీలకు) తెలియదు.

తలతో ఆడే విషయంలో కూడా నేను ఒక మాట చెప్పక తప్పదు. ఒకప్పుడు నేను పన్నెండేళ్ల పిల్లలను వరుసలో నిలబెట్టి, తడిసి బరువెక్కిన బంతితో ఒక్కొక్కరి చేత యాభై సార్లు హెడ్డింగ్ చేయించాను. స్కాట్లండులో మాజీ వృత్తి ఆటగాళ్ల మీద గ్లాస్గో పరిశోధకులు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. మెదడు క్షీణించే జబ్బులతో వారు మరణించే అవకాశం సాధారణ జనం కంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని అందులో తేలింది. 2021లో స్థానాల వారీగా చూసినప్పుడు అందరికంటే ఎక్కువ ముప్పు డిఫెండర్లకే ఉన్నట్టు, అది దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు బయటపడింది. గోలీలకు మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇంగ్లండు, స్కాట్లండు, ఉత్తర ఐర్లండు ఫుట్‌బాల్ సంఘాలు 2020లోనే ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణలో హెడ్డింగ్ వద్దన్నాయి. మన పీఈటీలు కూడా ఆ వయసులో దాన్ని మానేసి, పెద్ద పిల్లలకు తక్కువ సార్లు, సరైన బరువున్న బంతితో, నుదుటి మీద తీసుకోవడం నేర్పాలని కోరుతున్నాను. నేను చేసినదానికి బాధపడుతున్నాను కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

‘ఇంత చేసినా చివరికి బతుకుతెరువు ఉంటుందా?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. ఉంటుందని నేను ధీమాగా చెప్పలేను. 2025 జూలైలో దేశంలో పై స్థాయి లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) తరువాతి సీజన్‌ను నిలిపి ఉంచుతున్నట్లు నిర్వాహకులు క్లబ్బులకు తెలిపారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ వంటి క్లబ్బే ఆటగాళ్ల జీతాలు తాత్కాలికంగా ఆపింది. దేశంలో పై మెట్టు మీద ఉన్నవాళ్ల స్థితే అప్పుడు అలా ఉంది. మా తరంలో ఫుట్‌బాల్ ఆడినవాళ్లకు రైల్వే, పోలీసు, బ్యాంకు, తపాలా శాఖల జట్లుండేవి. ఆట అయిపోయినా ఉద్యోగం మిగిలేది. ఇప్పుడు ఆ జట్లు తగ్గాయి. మన రాష్ట్రంలో 2024లో ప్రకటించిన క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది, అది సంతోషించవలసిన విషయమే. కానీ ఆ కోటాలో లెక్కకు వచ్చేవి రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీల ధ్రువపత్రాలు. జిల్లా ఎంపికలోనే పేరు రాని స్టాపర్‌కు ఆ ధ్రువపత్రం ఎక్కడి నుంచి వస్తుంది? నాకౌట్ పోటీలో జరిగిన అన్యాయం అతని వెంట ఉద్యోగ దరఖాస్తు దాకా నడిచివస్తుంది.

అందుకే జిల్లా ఫుట్‌బాల్ సంఘానికీ, క్రీడా ప్రాధికార సంస్థకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే: ఉన్న టోర్నమెంట్లను ఉండనిచ్చి, వాటితోపాటు ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకు ఒక లీగ్ మొదలుపెట్టండి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గ్రామాల పిల్లలకు లీగ్ నడపగలిగింది. కరువు జిల్లా అని పేరుపడిన చోట సాధ్యమైనది పెన్నా ఒడ్డున ఎందుకు సాధ్యం కాదు? పెద్ద స్టేడియం అక్కరలేదు. నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు, కందుకూరు, చీరాల మైదానాల్లో వారానికి ఒక రోజు చాలు. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, పాఠశాల క్రీడల పోటీలు సరిగ్గా ఆ బురదలోనే పడతాయి. లీగ్‌ను జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు ఒక భాగంగా, సంక్రాంతి తరువాత పరీక్షల లోపు రెండో భాగంగా నడిపితే వాన అడ్డు రాదు, చదువూ చెడదు. ఆదివారం ఉదయం ఆరున్నరకు మొదలుపెడితే ఎండకు ముందే రెండు మ్యాచ్‌లు అయిపోతాయి.

ఆడే ప్రతి పిల్లవాణ్ణీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలో క్లబ్బు పేరుతో నమోదు చేయించాలని కూడా కోరుతున్నాను. ఇది కాగితాల పని అని కొట్టిపారేయకండి. ఒక ఆటగాడు రేపు బదిలీ రుసుము మీద విదేశీ క్లబ్బుకు మారితే, ఆ సొమ్ములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. పాలెం పిల్లవాడికి ఆట నేర్పిన చిన్న క్లబ్బుకు ఆ హక్కు రావాలన్నా, ఆ పిల్లవాడు ఏ వయసులో ఎక్కడ ఆడాడో రుజువు ఉండాలన్నా ఈ నమోదు ఉండాలి.

మీ పత్రికకు నేను చేసే మనవి ఇంకా చిన్నది. క్రికెట్ స్కోరు కార్డులో సున్నాకు ఔటైనవాడి పేరు కూడా ఉంటుంది. ఫుట్‌బాల్ వార్తలో గోలు కొట్టినవాడి పేరు ఒక్కటే ఉంటుంది. దయచేసి జిల్లా మ్యాచ్‌ల వార్తల్లో రెండు జట్ల పదకొండేసి మంది పేర్లూ, ఎవరు ఏ స్థానంలో ఆడారో అదీ ప్రచురించండి. ఆ వార్త కత్తిరింపు ఒక డిఫెండరుకు ఉన్న ఏకైక రికార్డు అవుతుంది. పద్నాలుగు మ్యాచ్‌ల కత్తిరింపులు వరుసగా అతికించుకున్న పుస్తకాన్ని ఎంపిక సంఘం ముందు పెట్టగలిగితే, ‘నేను ఆడిన తొమ్మిది మ్యాచ్‌లలో మా జట్టు గోలు ఇవ్వలేదు’ అని ఆ పిల్లవాడు తనంతట తాను చెప్పుకోగలుగుతాడు. సికింద్రాబాదులో పుట్టిన సునీల్ ఛెత్రి గోళ్ల సంఖ్యను మన పిల్లలు కంఠతా చెబుతారు, అది గర్వించవలసినదే. అతని వెనుక నిలబడిన వాళ్లెవరని అడిగితే మాత్రం ఒకరినొకరు చూసుకుంటారు.

స్థలం చాలదని మీరు అనుకుంటే చిన్న అక్షరాల్లో, వార్త చివరనే వేయండి. మా డివిజన్‌లో జరిగే ప్రతి మ్యాచ్‌కూ నేను స్వయంగా వెళ్లి, ఇరవై రెండు మంది పేర్లూ పిల్లల చేతనే సరిచూయించి, అదే రోజు మధ్యాహ్నంలోగా మీ విలేకరికి పంపుతాను. గత వారం ఫైనల్‌లో ఆడిన ఆ నలుగురు బ్యాక్‌ల పేర్లను ఇప్పటికే కనుక్కుని విడిగా ఒక కాగితం మీద రాసి ఈ ఉత్తరానికి జతపరిచాను. వీలైతే వాటితోనే మొదలుపెట్టగలరు.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బిట్రగుంట, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా